మునిగిన గని పక్కన సున్నా

ఆ ఆఫీసులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పేర్లు జీతాల పట్టీలో ఉంటాయి, అంతవరకే. దేశం మొత్తం మీద గాలిలోకి పోతూ భూమిని వేడెక్కించే వాయువుల లెక్క కట్టడం వాళ్ళ ఉద్యోగం. ఎవరు ఏ వాయువు లెక్క చూస్తే ఆ వాయువు పేరే వాళ్ళకి అంటుకుపోయింది. కార్బన్ డయాక్సైడ్ చూసే పెద్దమనిషి బొగ్గుపులుసు గారు. చిన్నప్పటి సైన్సు వాచకంలో దాన్ని బొగ్గుపులుసు వాయువని చదువుకున్న వాళ్ళెవరో ఒకసారి సరదాకి అన్నారు, ఇక వదల్లేదు. నైట్రస్ ఆక్సైడ్ చూసే ఆయన నవ్వులాయన. దాన్ని నవ్వించే వాయువంటారు గదా, ఆయన మాత్రం ఉద్యోగంలో చేరాక ఒక్కసారైనా నవ్వినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఫ్రిజ్జుల్లోంచీ ఏసీల్లోంచీ కారిపోయే వాయువులు ఫ్రిజ్జమ్మవి. ఆవిడ అంకెలు చూడ్డానికి పిసరంత ఉంటాయి, చేసే చెరుపు మాత్రం కొండంత. ఇక పశువులు, వరి మళ్ళు, చెత్త గుట్టలు, బొగ్గు గనులు, వీటన్నిట్లోంచి వచ్చే మీథేన్ లెక్క చూసే ఆమె మీథేనమ్మ. ఈ కథ ఆమెదే.

ఏడాదికోసారి నివేదిక బయటికి వెళ్ళే రోజులవి. గోడ మీది తెల్లటి తెర మీద వాయువుకొకటి చొప్పున నాలుగు గీతలు వేసి, అందరూ టీ గ్లాసులు పట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చునేవారు. బొగ్గుపులుసు గారి గీత పైన ఎక్కడో మొండికేసి కూర్చుంది. కరెంటు కావాలి, సిమెంటు కావాలి, బండ్లు తిరగాలి, ఆయన మాత్రం ఏం చేస్తాడు? నవ్వులాయన గీత పొలాల్లో చల్లే ఎరువులతో పాటు ఎటూ కదలకుండా పడుంది. ఫ్రిజ్జమ్మ గీత అడుగున ఉన్నా ఎండాకాలం ఎండాకాలానికి తల పైకెత్తుతోంది. నాలుగింట్లో బుద్ధిగా కిందికి దిగుతున్నది ఒక్క మీథేన్ గీతే. మంత్రిగారు సభలో చెప్పుకోవడానికి ఆ ఒక్క గీతే దిక్కు. అందుకని ఆ వారం మీథేనమ్మకి టీతో పాటు రెండు బిస్కెట్లు ఎక్కువ వచ్చేవి.

ఆ దిగుడు పశువుల వల్ల రాలేదు, చెత్త వల్ల అంతకన్నా రాలేదు. గనులు మూతపడటం వల్ల వచ్చింది. అయితే గని మూస్తే గ్యాసు ఆగిపోదు. బొగ్గులోంచి ఏళ్ళ తరబడి ఊరుతూనే ఉంటుంది. గని నీళ్ళతో పూర్తిగా నిండితేనే ఆగుతుంది. నిండిందో లేదో లోపలికి దిగి చూసే నాథుడెవడు? అందుకని ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. నీళ్ళు తోడే పంపులు ఆపేశామని కంపెనీ రాసి పంపితే చాలు, మరుసటి ఏడాది పట్టికలో ఆ గని పేరు పక్కన "మునిగింది" అని రాసి, దాని పక్కన సున్నా పెట్టేవారు. పంపు ఆగితే నీళ్ళొస్తాయి, నీళ్ళొస్తే గని మునుగుతుంది, ఇందులో తప్పేముంది? ఎన్నాళ్ళకి మునుగుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. అక్కడ సంవత్సరం కంటే చిన్న కాలం లేదు మరి. మీథేనమ్మ కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన అలాగే చేశాడు, ఆమె కూడా అలాగే చేసింది.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏమే గ్యాసులదానా, తిన్నావా? నీకో వింత చెప్పనా?"

అక్కకి ప్రతిదీ వింతే. పక్కింటి కోడి గుడ్డు పెట్టినా ఫోన్ చేసి చెప్పే మనిషి. మీథేనమ్మ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అంకెలు సరిచూసుకుంటూనే "చెప్పవే" అంది.

"పెరట్లో వాన నీళ్ళు నిలిచాయి. అందులోంచి బుడబుడా బుడగలొస్తున్నాయి. ఎసరు మరిగినట్టే. చెయ్యి పెట్టి చూశా, చల్లగానే ఉంది. మీ బావేమో వానపాములు ఊపిరి తీసుకుంటున్నాయిలే అంటాడు. అన్ని వానపాములు ఎక్కడివే మనింట్లో?"

మీథేనమ్మ చేతిలో పెన్ను ఆగింది. "పెరట్లో ఎక్కడ?"

"సామాన్ల గది గోడవార. ఆ గదిలోకి పిల్లి కూడా పోవట్లేదు. నాకైతే అందులోకి వెళ్ళొస్తే తలనొప్పి."

"గ్యాసు చూసేవాళ్ళు నెలనెలా వచ్చేవారు గదా, గొట్టం పట్టుకుని ఇంటింటికీ? వాళ్ళకి చెప్పావా?"

"వాళ్ళు రావడం మానేసి చాలా కాలమైందే తల్లీ. మన గని పేరు వాళ్ళ జాబితాలోంచి తీసేశారట."

అక్క ఉండేది పాత గని మీద కట్టిన కార్మికుల వరస ఇళ్ళలో. బావ ఆ గనిలోనే పంపు డ్రైవరుగా చేశాడు. గని మూసేటప్పుడు ఎవరి ఇల్లు వాళ్ళకే రాసిచ్చేశారు. ఆ ఇల్లు చూసుకునే బావకి మీసం మీద చెయ్యి. మీథేనమ్మ ఫోన్ పెట్టేసి పట్టిక తెరిచింది. వెతకాల్సిన పని లేదు, ఆ గని ఏ వరసలో ఉందో ఆమెకి తెలుసు. మునిగింది, సున్నా. రెండూ తను పెట్టినవే. పెట్టేటప్పుడు అది అక్క ఇంటి కింది గని అని తెలియకపోలేదు. తెలిసి కాస్త మురిసిపోయింది కూడా, పోన్లే అక్కకి ఇక గ్యాసు బెడద లేదని.

గ్యాసు తనిఖీ వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల మనిషి మర్యాదగానే మాట్లాడాడు.

"మాకు జాబితా మీ దగ్గర్నుంచే గదండీ వచ్చేది. సున్నా ఉన్న గని మీదికి మనుషుల్ని పంపితే పైవాళ్ళు ఊరుకుంటారా? జీపు ఎందుకు తిప్పావని అడుగుతారు."

తన పట్టికని ఎవరైనా అలా వాడతారని ఆమెకి అంతవరకూ తెలియదు. నివేదికలంటే మంత్రిగారు చదివి అల్మరాలో పెట్టుకునేవి అనుకుంది. తర్వాత కంపెనీకి చేసింది. లోపల నీళ్ళు ఎంతవరకు వచ్చాయని అడిగితే, వాళ్ళ గుమస్తా ఇదేం ప్రశ్న అన్నట్టు, "మూసేసిన గనిలో నీళ్ళు కొలిచేదెవరు మేడమ్? పంపులైతే ఆపేశాం, అది మాత్రం ఖాయం" అన్నాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. గని ఇంకా సగమే నిండి ఉంటే? నీళ్ళు పైకి వస్తున్నకొద్దీ, లోపలున్న గ్యాసుకి చోటు తగ్గిపోతుంది. సీసాలో నీళ్ళు పోస్తుంటే గాలి మూతి దగ్గరికి తన్నుకొచ్చినట్టు అది పైకి వస్తుంది. ఆ సీసాకి మూతి ఎక్కడో కాదు, అక్క సామాన్ల గదిలో ఉంది. అంటే మునుగుతున్న గని మూసిన గని కంటే ప్రమాదం. దానికే తను సున్నా పెట్టి పారేసింది.

పెద్దసారు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దసారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వు ఒక్క గనికి సున్నా తీసేస్తే సరిపోదమ్మా. అదే అలవాటు మీద పెట్టిన సున్నాలన్నీ తీయాలి. వెనకటి సంవత్సరాలన్నీ మళ్ళీ కట్టాలి. గీత మొత్తం మారిపోతుంది. నివేదిక వచ్చే వారమే వెళ్ళాలి."

"అక్కడ మా అక్క ఉంది సార్."

"అందుకే చెప్తున్నాను. నీ అక్క ఉంది కాబట్టి మార్చిందంటారు. బుడగలు చూశామని రాస్తే ఎవరు ఒప్పుకుంటారు? కొలత పట్టుకురా. గ్యాసు కొలిచే మన మీటరు తీసుకెళ్ళు. ఆదివారం వెళ్ళి కొలువు. కాస్త కనపడినా సరే, నివేదిక నేనే ఆపుతాను. మంత్రిగారితో నేను పడతాను."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే అక్కకి ఫోన్ చేసి, సంచి సర్దుకో, ఆదివారం వచ్చి నిన్నూ బావనీ మా ఇంటికి తీసుకొస్తా, అంతవరకు ఆ గది తలుపు తెరవొద్దు, దాని దరిదాపుల్లో అగ్గిపుల్ల గీయొద్దు అని వందసార్లు చెప్పింది. అక్క అన్నిటికీ సరే సరే అంది. "మీ ఇంట్లో మంచం చాలా? నువ్వు కాళ్ళు తన్నుతావు" అని కూడా అంది.

ఆదివారం నాటికి వాన వెలిసింది. ఆకాశం కడిగినట్టుంది. వరస ఇళ్ళ ముందు జనం తడిసిన బట్టలు, పరుపులు, చెప్పులు అన్నీ ఎండలో పరిచారు. పెరట్లో నీళ్ళు ఇంకిపోయి, బుడగలొచ్చిన చోట పగుళ్ళిచ్చిన బురద మిగిలింది. అక్క కొత్త చీర కట్టుకుని, సంచి గుమ్మం పక్కన పెట్టుకుని, పెళ్ళికెళ్ళే మనిషిలా కూర్చుంది. బావ మాత్రం బనీనుతోనే ఉన్నాడు.

"రావమ్మా మరదలా, మా ఇంటికి వంక పెట్టడానికి పెద్ద ఆఫీసరువై వచ్చావా?" అన్నాడు.

"వంక కాదు బావా. ముందు కొలవనివ్వండి."

"కొలుచుకో. జీవితమంతా దాని కడుపులో తిరిగాను. దాని గుట్టు నాకు తెలియదా? చివరి పంపు ఆపింది నేనే. ఆ రోజు తిండి సయించలేదు. అది చచ్చిపోయింది, చచ్చినదాన్ని పట్టుకుని మళ్ళీ లేస్తుందంటావేం?"

మాటల్లో ఎగతాళి ఉన్నా కళ్ళల్లో భయం ఉంది. దెయ్యాల భయం కాదది. ఈ ఇల్లూ పోతుందేమోనన్న భయం. ఉద్యోగం పోయాక ఆయనకి మిగిలింది ఆ నాలుగు గోడలే. మీథేనమ్మకి అది తెలుసు కాబట్టి ఎదురు మాట్లాడలేదు.

సామాన్ల గది వంటింటి వెనక, రెండు మెట్లు దిగితే ఉంటుంది. కిటికీ లేదు. పాత ట్రంకు పెట్టెలు, విరిగిన కుర్చీ, ఉల్లిపాయల బుట్ట, లాంతరు, కొవ్వొత్తుల కట్ట. ఆమె తలుపు తీసి ముందు చెయ్యి మాత్రం లోపల పెట్టింది. మీటరు పలకలేదు. పైకప్పు దగ్గర పెట్టింది, గ్యాసు తేలిక కాబట్టి ఉంటే అక్కడే ఉండాలి. పలకలేదు. నేల పగుళ్ళ మీద, మోరీ దగ్గర, పెరట్లో బురద మీద, చివరికి పక్కింటి వాళ్ళని అడిగి వాళ్ళ స్నానాల గదిలో కూడా పెట్టింది. ఎక్కడా ఏమీ లేదు. మీటరు పాడైందేమోనని వంటింట్లో గ్యాసు పొయ్యి తిప్పి దాని దగ్గర పెట్టి చూసింది, అప్పుడు మాత్రం అది కీచుమని అరిచింది. మీటరు బాగానే ఉంది. గదిలోనే గ్యాసు లేదు.

భోంచేశాక మళ్ళీ మొదటినుంచీ కొలిచింది. మళ్ళీ అదే.

ఆమె వంటింటి గడప మీద కూలబడి నవ్వేసింది. అక్క ఫోన్ చేసినప్పటినుంచీ గుండెల మీదున్న బండ దిగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ సంతోషంలో సగం అక్క కోసం, సగం ఆ గీత కోసం. సున్నా తప్పు కాలేదు, వెనకటి సంవత్సరాలు తిరగరాయక్కర్లేదు, పెద్దసారు ముందు తల దించక్కర్లేదు. రెండు సగాల్లో ఏది ముందు తట్టిందో తర్వాత ఎంత తవ్వుకున్నా ఆమెకి తేలలేదు. తేలకపోవడమే ఆమెని ఎక్కువ కాల్చింది.

"ఏం లేదక్కా. ఏదో చెత్త కుళ్ళి బుడగలొచ్చుంటాయి. హాయిగా ఉండు."

"మరి సంచో?"

"నీ ఇష్టం. రావాలనుంటే రా. భయపడి రావాల్సిన పని మాత్రం లేదు."

అక్క మొగుడి వైపు చూసింది. ఆయన వంటేం చేసుకుంటాడు పాపం అన్న చూపు అది. సంచి విప్పి చీరలు మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. "ఈసారి వస్తాలే, ఊరికే, చుట్టంలాగా" అంది. బావ ఆనందం పట్టలేక మరదలికి కుర్చీ తుడిచి వేశాడు, టీ తనే పెట్టాడు. "చూశావా, చచ్చినది చచ్చినట్టే ఉంది" అని వీధిలో పోయేవాళ్ళకి కూడా చెప్పాడు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు అక్క కిటికీ దగ్గర నిలబడి, జడ సరిగ్గా వేసుకోమని చివాట్లు పెట్టింది. యాభై దగ్గరపడుతున్న చెల్లెలికి ఆ చివాట్లు హాయిగా ఉన్నాయి.

నివేదిక అనుకున్న రోజుకి వెళ్ళిపోయింది. మీథేన్ గీత వంకర లేకుండా దిగింది. పెద్దసారు గదిలోకి పిలిచి, "కొలిచి మరీ నిలబెట్టావు" అని మెచ్చుకున్నాడు. నవ్వులాయన కూడా నవ్వబోయి మానుకున్నాడు.

తర్వాత ఒక సాయంత్రం, ఆఫీసు క్యాంటీన్లో టీవీ మోగుతోంది. ఎవరూ వినడం లేదు. సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది, మరింత బలపడుతుంది, ఈదురు గాలులతో వానలు అని చెప్తున్నారు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే. అల్పపీడనమంటే గొడుగు వెతుక్కోవడం, ఆరేసిన బట్టలు తీసుకోవడం. మీథేనమ్మ టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసింది.

అల్పపీడనమంటే గాలి బరువు తగ్గడం. భూమిని పైనుంచి నొక్కుతున్న గాలి తేలికైతే లోపలున్నది పైకి వస్తుంది. ఆకాశం కడిగినట్టున్న రోజు గాలి బరువుగా ఉంటుంది, గట్టి మూతలా నొక్కి పడుతుంది, అప్పుడు ఎంత కొలిచినా ఏమీ దొరకదు. అక్క బుడగలు చూసింది వాన రోజున. తను కొలిచింది ఎండ రోజున. ఇది తనకి తెలియని శాస్త్రమా? కాలేజీలో చదివిందే. కానీ ఇన్నేళ్ళూ ఏడాది మొత్తానికి ఒక అంకె వేసీ వేసీ, రోజుకీ రోజుకీ తేడా ఉంటుందన్న సంగతే మనసు మర్చిపోయింది. ఆదివారం సెలవు కాబట్టి ఆదివారం వెళ్ళింది. ఎండ కాసింది కాబట్టి సంతోషించింది. కొలవాల్సిన రోజు ఇవాళ.

బయట అప్పటికే మబ్బు కమ్మేసింది. అక్కకి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తలేదు. బావకి చేసింది, అందుబాటులో లేదంది. మళ్ళీ అక్కకి. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగుతుంటే ఎదురొచ్చిన ఫ్రిజ్జమ్మ ఏమైందని అడిగింది. "నేను ఎండలో కొలిచానే" అంది మీథేనమ్మ. ఫ్రిజ్జమ్మకి అర్థం కాలేదు గానీ, ఆ మొహం చూసి ఇంకేం అడక్కుండా గొడుగు చేతిలో పెట్టింది.

బస్సులో దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉంది. ఊళ్ళల్లో కరెంటు పోయినట్టుంది, దారికి అటూ ఇటూ అంతా చీకటి. పక్క సీటావిడ, "ఎవరికమ్మా ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. బాగానే ఉంది, బాగానే ఉండాలి అనుకుంది ఆమె. ఎన్నడూ మొక్కని మనిషి, దేవుణ్ణి ఆ దారిలో అడగని మాట లేదు. గ్యాసు రానీ, ఇల్లంతా నిండనీ, ఇల్లు కూలినా కూలనీ, అక్క మాత్రం ఆ సమయానికి ఇంట్లో ఉండకూడదు. పక్కింటికి కబుర్లకి పోయి ఉండాలి. ఎప్పుడూ పోయేదే గదా.

వరస ఇళ్ళ మలుపు దగ్గర బస్సు ఆపేశారు. ఫైరింజన్ అడ్డంగా ఉంది.

బావ ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకీ తడిగుడ్డలు చుట్టారు. కనుబొమలు కాలిపోయాయి. మరదల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు. అక్కని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఎక్కడికి అని అడగబోయిన మీథేనమ్మకి, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడుస్తున్న తీరు చూస్తే అడగాల్సిన పని లేకపోయింది.

"కరెంటు పోయింది," అన్నాడు బావ. ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోతున్నాడు. అప్పటికే పదిమందికి చెప్పి ఉంటాడు. "పెరట్లో రేకు ఎగిరిపోతుంటే నేను తాడు కడుతున్నాను. లాంతరు తెస్తానని గదిలోకి పోయింది. చీకట్లో వద్దే, ఆగు, నేనొస్తానన్నాను. అగ్గిపెట్టె ఉందిలే అంది. ఆ గదిలో గీయకు అన్నానమ్మా. నిజంగా అన్నాను. ఎందుకో నోటికొచ్చింది. దానికేమందో తెలుసా? చెల్లెలు మీటరు పెట్టి మరీ చూసింది గదా, ఇంకా భయమేంటి నీకు, అంది. నవ్వింది కూడా."

బావ మీథేనమ్మ చెయ్యి పట్టుకోబోయాడు. తడిగుడ్డల చేతులు పట్టుకోవడానికి రాలేదు.

ఆ తర్వాత ఎన్నో జరిగాయి. జరగాల్సినప్పుడు జరగనివన్నీ అప్పుడు పరుగున జరిగాయి. వరస ఇళ్ళన్నీ ఖాళీ చేయించి, జనాన్ని పాత గని ఆఫీసు గదుల్లో పెట్టారు. ఇంజనీర్లు వచ్చారు. నేలకి రంధ్రం వేసి పొడుగాటి ఇనప గొట్టం దింపి, పైకొచ్చే గ్యాసు అక్కడే కాలిపోయేలా దాని కొసన మంట పెట్టారు. వాన రోజునా ఎండ రోజునా కొలిచారు. ఆ అంకెలు చివరికి ఆఫీసుకి వచ్చాయి.

మీథేనమ్మ సెలవులయ్యాక తన కుర్చీలో కూర్చుంది. జరిగిందంతా తన తప్పేనని కాగితం మీద రాసి పెద్దసారు బల్ల మీద పెట్టింది. ఏ శిక్ష వేసినా సరేననుకుంది. ఇంకా చెప్పాలంటే వేయాలని కోరుకుంది. పెద్దసారు ఆ కాగితం చదివి, తలుపు వేసి, ఎదురుగా కూర్చోబెట్టి, తనే మంచినీళ్ళు పోసి ఇచ్చాడు.

"నువ్వు ఊరికే కుమిలిపోతున్నావమ్మా. ఇది చూడు." కొత్త అంకెల కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఏడాది పొడుగునా ఆ గనిలోంచి వచ్చేది మొత్తం కలిపినా ఇంతే. మన పట్టికలో అంకెలు వేల టన్నుల్లో ఉంటాయి. దీన్ని పట్టికలో వేస్తే ఎంతవుతుంది? దగ్గరి వేలకి సవరిస్తే సున్నాయే. నీ అంకె తప్పు కాదు. గీత కూడా ఒక్క పిసరు కదల్లేదు. నేను స్వయంగా వేసి చూశాను."

ఆయన ఓదార్పుకే చెప్పాడు. సార్ చెప్పింది నిజం. దేశం మొత్తంలో అక్క ఇంటి కింది గని లెక్కకి రాదు. అక్క గదిలో ఆ సాయంత్రం నిండిన గాలి అయితే, ఎన్ని దశాంశాలు వేసినా కనపడదు. తప్పు చేశావని నలుగురిలో నిలబెట్టి అన్నా అంత నొప్పి ఉండేది కాదు. ఆమె రాసిచ్చిన కాగితాన్ని పెద్దసారు మడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

బయటికొస్తే బొగ్గుపులుసు గారు నిలబడి ఉన్నాడు. మంట పెట్టాక ఆ గ్యాసు మీథేన్ కాదు, కాలిపోయి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, కాబట్టి ఆ గని ఇకనుంచి ఆయన పట్టికలోకి పోతుంది. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక ముసలాయన కాసేపు నేల చూపులు చూశాడు. "నేను చూసుకుంటాలేమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆమె బావ దగ్గరికి వెళ్ళింది. పాత గని ఆఫీసులో మూలగది ఇచ్చారు ఆయనకి. పక్క సరిగ్గా పరుచుకోలేదు. చేతుల మీద కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. తెచ్చిన భోజనం ఆమె ముద్దలు కలిపి పెడితే తిన్నాడు, ఇంకా వేళ్ళు ముడుచుకోవడం లేదు. తిన్నాక గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"మరదలా, కొలిచారటగా. లెక్క తేలిందా?"

"తేలింది బావా."

"ఎంతుందట?"

ఆయన అడిగింది ఎందుకో ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని తీసుకుపోయింది ఎంతటిదో తెలుసుకోవాలని అడిగాడు. ఆఫీసు లెక్క ఆమె నాలుక చివరే ఉంది. ఎంగిలి కంచం తీసి కింద పెట్టింది.

"చాలా ఉంది బావా," అంది. "చాలా ఉంది. నాకే కనపడలేదు."

బావ తల ఊపాడు. కాసేపటికి, మంచినీళ్ళు కాస్త పట్టించమ్మా అన్నాడు.